గేటు బయట గాడిద

రాళ్లకొట్టాల ఊళ్లో ఒకే ఒక గాడిద ఏడాదిలో తొమ్మిది వేళ్లు కొరికిందంటే మీరు నమ్మకపోవచ్చు. నమ్మకపోతే ప్రభుత్వాన్ని నమ్మనట్టే. ఆ సంగతి రబ్బరు స్టాంపుతో, రెండేసి సంతకాలతో ఫైల్లో భద్రంగా ఉంది. నాలుగో వేలు కొరికేనాటికే ఆ గాడిద చచ్చిపోయిందన్న సంగతి మాత్రం ఫైల్లో లేదు. దానికి ఫారంలో గడి లేదు.

మొదటినుంచీ చెప్పుకుంటే గాని గాడిదకు న్యాయం జరగదు.

నాగమల్లయ్య శెట్టి గారి బండల పాలిష్ ఫ్యాక్టరీలో మద్దిలేటి పద్దెనిమిదేళ్లుగా కోత మిషన్ మీద పనిచేస్తున్నాడు. నాపరాయి కోసేటప్పుడు లేచే పొడి, మిషన్ మీద పోసే నీళ్లు కలిసి తెల్లని బురదై అక్కడ అన్నిటి మీదా పేరుకుంటుంది. సాయంత్రానికి మనిషికీ మిషన్‌కీ ఒకటే రంగు. రెండో నంబరు మిషన్‌కు మోటారు నుంచి చక్రం దాకా బెత్తెడు వెడల్పు బెల్టు బుసలు కొడుతూ పరుగెత్తేది. దానిమీద మూత లేదు. ఒకప్పుడు ఉండేది. అది వదులై ఊడి వస్తే శెట్టి గారు ఇంటికి పట్టుకెళ్లి కోళ్ల గూటికి తలుపు చేయించారు. అప్పటినుంచీ కోళ్లు క్షేమం.

ఆ బెల్టు పక్కనే నిలబడి కోసిన బండలు కడిగేది మద్దిలేటి పెళ్లాం సుంకులమ్మ. బెల్టు గాలికి ఆమె కొంగు లేచినప్పుడల్లా ఎదుటి మిషన్ దగ్గరున్న మద్దిలేటి గుండె కూడా లేచేది.

"రేకే గదరా. తెప్పిస్తాలే" అని శెట్టి గారు మూడేళ్లుగా ప్రతి దసరాకూ చెప్తూనే ఉన్నారు. ఆయుధపూజ నాడు ఆ బెల్టుకు నిమ్మకాయలు కట్టించారు కూడా. అందువల్ల ఆయన ఏమీ చేయలేదనడం అన్యాయం.

ఇలా ఉండగా ఊరి టీకొట్టు గోడమీద ఒక కాగితం వెలిసింది. జిల్లా టౌనులో 'కార్మిక క్షేమ సామరస్య వనరుల కేంద్రం' పెట్టారనీ, ఏ కార్మికుడైనా నిర్భయంగా రావచ్చుననీ దాని సారాంశం. మద్దిలేటి ఒకరోజు పని పోగొట్టుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, నిర్భయంగా బస్సెక్కాడు. అర్జీలో ఒకటే అడిగాడు. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉన్న రేకు ముక్క ఒకటి.

కేంద్రం అధికారి సదానందమూర్తి గారు అర్జీని రెండుసార్లు చదివి కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"మద్దిలేటీ, నీ అర్జీ ఈ కేంద్రాన్ని కదిలించింది. అయితే రేకు అనేది వస్తువు. మేము వస్తువులు ఇవ్వము. వనరులు ఇస్తాము."

"వనరులంటే ఏంది సార్?"

"అవగాహన. రేకుకు తుప్పు పడుతుంది. అవగాహనకు పడుతుందా?"

"పట్టదు సార్. కానీ బెల్టుమింద నిలబడ్తాదా అని."

కార్మికుడు అవగాహనపై అమితాసక్తి కనబరిచినట్టు మూర్తి గారు ఫైల్లో రాసుకున్నారు. నెల తిరక్కుండా ఫ్యాక్టరీ ముందు లారీ ఆగింది. అందులోంచి వనరు దిగింది.

అదొక బోర్డు. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తు. దించడానికి ఆరుగురు పట్టారు. పైన 'భద్రతే మన బలం' అని మనిషి తలకాయంత అక్షరాలు. దాని కింద 'ప్రమాదం లేకుండా గడిచిన రోజులు' అని ఒక గడి. దాని పక్కన 'ఫిర్యాదు లేకుండా గడిచిన రోజులు' అని ఇంకో గడి. అంకెల బిళ్లలు తగిలించడానికి కొక్కేలు.

మద్దిలేటి దాన్ని వేలితో కొట్టి చూశాడు. ఖంగుమంది.

"ఊశేనీ, ఏం రేకురా ఇది!"

మిషన్లు బాగుచేసే ఊశేని కూడా కొట్టి చూశాడు. "అన్నా, మూతకు పోంగా ఇంగా సగం మిగుల్తాది."

ఇద్దరూ పెళ్లిపందిట్లో లడ్డూల గంప చూసినట్టు దాన్ని చూస్తూ నిలబడ్డారు. చూస్తుండగానే దాన్ని గేటు పక్కన, లోపలివైపు, రెండు ఇనుప స్తంభాలకు బిగించేశారు. రోడ్డున పోయేవాళ్లు చదువుకోవడానికి వీలుగా ముఖం రోడ్డు వైపు పెట్టారు. లోపల పనిచేసేవాళ్లకు దాని వీపు కనిపించేది.

బోర్డు పెట్టిన నలభై ఒకటో రోజున రెండో నంబరు బెల్టు చక్రం మీంచి జారింది. జారిన బెల్టును మోటారు ఆపి ఎక్కించాలని పుస్తకంలో ఉంటుంది. ఆపితే శెట్టి గారు గదిలోంచి బయటికొచ్చి "ఏంది, నిద్రపోయిందా?" అంటారు. కాబట్టి అక్కడ అందరూ నడుస్తున్న బెల్టునే అరచేత్తో తోసి ఎక్కిస్తారు. అది వాళ్ల విద్య. ఆ విద్యలో మద్దిలేటి పండితుడు. ఆరోజు పండితుడి కుడిచేతి చూపుడువేలు సగం పోయింది.

గుమాస్తా కేశవులు కేంద్రానికి ఫోన్ చేశాడు.

"ప్రమాదమా!" అన్నారు మూర్తి గారు. "ఎక్కడ పడి ఉన్నాడు?"

"మిషన్ కాడే సార్. నెత్తురు కారిపోతాంది."

"కంగారుపడకు. మార్గదర్శకాలు విను. సమాచారం నమోదయ్యే వేళకు బాధితుడు ఎక్కడుంటే ప్రమాదం అక్కడ జరిగినట్టు. నేనింకా నమోదు చేయలేదు. పెన్ను మూత ఇప్పుడే తీస్తున్నాను." ఆయన గొంతు తగ్గించారు. "మెల్లగానే తీస్తున్నాను, కేశవులూ."

కేశవులు తెలివైనవాడు. నలుగురు మద్దిలేటిని ఎత్తుకెళ్లి గేటు బయట రోడ్డుమీద పడుకోబెట్టారు. అప్పుడు మూర్తి గారి పెన్ను మూత ఊడింది.

గంటలో ఆయనే జీపులో వచ్చారు. గేటు బయట గాయం అయితే కారణం రాయాలి. ఫారంలో మూడు గడులున్నాయి: వాహనము, జంతువు, ఇతరములు. రోడ్డుమీద కనుచూపు మేర వాహనం లేదు. ఎదురుగా ముళ్లకంప నములుతూ, మట్టి మోసే పుల్లన్న గాడిద నిలబడి ఉంది.

"ఇతరములు అంటే పైవాళ్లు వివరణ అడుగుతారు. జంతువు అంటే అడగరు. జంతువు కూడా కాదనదు" అని మూర్తి గారు గాడిద వైపు చూశారు. అది కాదనలేదు.

ఆస్పత్రిలో డాక్టరు కాగితం చూసి, వేలి సంగతి తర్వాత చూద్దామని ముందు కుక్కకాటు ఇంజెక్షన్లు మొదలుపెట్టాడు. గాడిద కాటుకు వేరే మందు లేదట.

మర్నాడు కట్టు చేత్తో వచ్చిన మద్దిలేటికి శెట్టి గారు దయతలచి తేలిక పని కూడా ఇచ్చారు. రోజూ పొద్దున్నే బోర్డుకు అంకెలు తగిలించే పని. సగం వేలున్న చేత్తో మద్దిలేటి తగిలించిన మొదటి అంకె నలభై రెండు.

అక్కడినుంచి గాడిదకు చేతినిండా పని. చిన్నీరప్ప కాలిమీద బండ పడితే గాడిద తొక్కింది. బాలీశ్వరయ్య రాతిపొడికి దగ్గి దగ్గి సొమ్మసిల్లితే, గాడిద అతని ముఖం మీద తుమ్మింది. వేళ్లయితే సరే, రెండు కొరికింది, మూడు కొరికింది. వానాకాలంలో జబ్బుచేసి చచ్చిపోయింది. నాలుగోది ఆ తర్వాత కొరికింది.

పుల్లన్న లబోదిబోమంటూ కేంద్రానికి పరుగెత్తాడు. అతనికి నోటీసు వచ్చింది మరి. "సార్, నా గాడ్ది చచ్చి నెలాయ. గుంత తీసి పూడ్చినాను."

"పూడ్చావా? అనుమతి తీసుకున్నావా?" అన్నారు మూర్తి గారు. "చూడు పుల్లన్నా, నీ గాడిద మా లెక్కలో విధుల్లో ఉంది. దాని మరణం మాకు తెలియజేయడానికి ఫారం లేదు. ఫారం వచ్చేదాకా అది బతికే ఉంటుంది."

పుల్లన్న ఇంటికొచ్చి పెళ్లాంతో, "మనిసి కన్నా గాడ్దై పుట్టింటే బాగుండె. చచ్చినా ఉద్యోగం పోదు" అన్నాడట.

ఒకే జంతువు వల్ల ఇన్ని గాయాలా అని కేంద్రం ఆందోళన చెందింది. చెందిన వెంటనే 'గార్దభ అప్రమత్తతా వారోత్సవం' ప్రకటించింది. ముప్పైరెండు పేజీల పుస్తకం అచ్చయింది: గాడిద స్వభావము, గాడిద చెవుల కదలికలు, వాని అర్థము. శిక్షణకు ప్రాణమున్న గాడిద కావాలి గనుక పక్క మండలం నుంచి ఒకదాన్ని వ్యానులో తెచ్చారు. అది బెదిరిన చూపులతో నిలబడి పుస్తకాల కట్ట సగం తినేసింది. ఆ వారోత్సవంలో పుస్తకాలను పూర్తిగా వినియోగించుకున్న జీవి అదొక్కటే.

చివర్న మూర్తి గారు ప్రతిజ్ఞ చేయించారు. "గాడిద వెనుక నిలబడను. గాడిద ముందు నిలబడను." అరవైమంది కుడిచెయ్యి చాచి గట్టిగా చెప్పారు. అరవైమంది చేతులకు ఎన్ని వేళ్లుండాలో అన్ని లేవు.

సందేహాలుంటే అడగమన్నారు. మద్దిలేటి లేచాడు.

"సార్, ఆ రేకు..."

మూర్తి గారి ముఖం నల్లబడింది. మద్దిలేటిని పక్కకు తీసుకెళ్లి భుజం మీద చెయ్యి వేశారు. "ఇది ఫిర్యాదా?"

"కాదు సార్. అడుగుతాండా."

"రాసిస్తే ఫిర్యాదు అవుతుంది. అయితే రెండో గడిలో నూట డెబ్బై పోయి సున్నా వస్తుంది. ఆ సున్నా ఎవరు తగిలించాలి? నువ్వే. యాజమాన్యానికీ కార్మికులకూ మధ్య ఇంత సామరస్యం పెరిగితే, నీ చేత్తో నువ్వే దాని గొంతు పిసుకుతావా?"

"అట్లయితే ఏం జెయ్యాల సార్?"

"ఫిర్యాదుల పెట్టె ఉందిగా. అందులో వేయి."

"దానికి తాళం ఉండాది. సందు గూడా అట్టముక్కతో మూసినారు."

"దుమ్ము పోకుండా మూశాం. తెరవమని అర్జీ పెట్టు."

"అర్జీ యాడ పెట్టాల సార్?"

"పెట్టెలో" అన్నారు మూర్తి గారు ఏ మాత్రం తడబడకుండా.

మద్దిలేటి ఇంటికొచ్చి ఈ మాట చెప్తే సుంకులమ్మ సంగటి కెలుకుతూ నవ్వింది. "నీకు సగం వేలే పోయింది. వాళ్లకు తలకాయే లేదు, అయినా ఎంత సుకంగా ఉండారో చూడు."

"నువ్వు నగుతాండావు మే. ఆ కొంగు గట్టిగా దోపుకో ముందు."

"దోపుకుంటే వొంగేకి రాదు. వొంగకుంటే బండ లేయదు. నేనేం జెయ్యాల, కొంగు ఇంట్లో పెట్టి రావాల్నా?"

రోజులు గడిచాయి. బోర్డు మీద అంకెలు మూడొందలు దాటాయి. మూడొందల అరవై ఐదుకు రాష్ట్ర స్థాయి బహుమతి. పెద్ద అధికారి స్వయంగా వస్తారట. బోర్డుకు పసుపు పచ్చ పరదా కప్పించారు. పెద్దాయన తాడు లాగితే పరదా జారాలి, లోపల్నుంచి మూడొందల అరవై ఐదు మెరవాలి. శెట్టి గారు సూటు కుట్టించుకోవడానికి జిల్లా టౌనుకు పోయారు.

మూడొందల అరవై నాలుగో రోజు మధ్యాహ్నం పన్నెండు గంటలప్పుడు సుంకులమ్మ కొంగు బెల్టులో పడింది.

ఆమె కేక కూడా వేయలేదు. వేసేంత వ్యవధి బెల్టు ఇవ్వలేదు. మెడ దాకా లాగింది. చీర ఆరేళ్ల కిందటిది, పీలికలైపోయింది గనుక, ఆ లాగుడుకు భుజం దగ్గర సర్రున చినిగి కొంగు ఒక్కటే పోయింది. మనిషి ఇవతల పడింది. కొత్త చీర కట్టుకుని ఉంటే ఆరోజుతో ఆమె కథ అయిపోయేది. లేమి ప్రాణం కాపాడడం లోకంలో అదొక్కసారే జరిగి ఉంటుంది.

మద్దిలేటి తన పైగుడ్డ ఆమెకు కప్పి, మెడమీద ఎర్రగా లేచిన వాత చూశాడు. కేశవులు అప్పటికే ఫోన్‌లో ఉన్నాడు.

"మూడొందల అరవై నాలుగు!" ఫోన్‌లో మూర్తి గారి గొంతు బయటికి వినిపిస్తోంది. "ఈరోజు పెన్ను మూత తీయనే తీయను. మనిషికేం కాలేదుగా? చీరేగా పోయింది? చీరను గాడిద తినేసినట్టు రాసెయ్యి."

కేశవులు రాశాడు. రాసి, ఎవరి ముఖమూ చూడకుండా అన్నానికి వెళ్లిపోయాడు.

మద్దిలేటి గేటు దగ్గరకు నడిచాడు. పరదా వెనక బోర్డు వీపును సగం వేలితో కొట్టాడు. ఖంగుమంది.

"ఊశేనీ, రంపం తీసుకురా."

"అన్నా, ఉద్యోగం..."

"గాడ్ది తినింది చీరొక్కటేనా? దానికింగా ఆకలి తీరలేదు."

ఊశేనికి అర్థమైంది. రంపమూ తెచ్చాడు, సుత్తీ తెచ్చాడు. అన్నం ముంతలు పక్కనపెట్టి పదిమంది చేతులు వేశారు. పట్టపగలు, ఎండ నడినెత్తిన ఉండగా, బోర్డు స్తంభాల మీంచి దిగింది. నాలుగడుగులకు కోశారు, వంచారు, రెండో నంబరు బెల్టు మీద బోల్టులేసి బిగించారు. మిగిలిన సగం రాళ్ల గుట్ట వెనక దాచారు. ఉత్త స్తంభాలకు పరదాను మళ్లీ అందంగా కట్టారు. సాయంత్రానికి మూతమీద తెల్లబురద పేరుకుని, అది పుట్టినప్పటినుంచీ అక్కడే ఉన్నట్టయింది.

మర్నాడు మేళం, పూలదండలు, కార్లు. పెద్ద అధికారి వచ్చారు. సూటు వేసుకున్న శెట్టి గారు ఆయనకు జరీ శాలువా కప్పారు. మూర్తి గారు మైకులో, "భద్రత, సామరస్యం ఇక్కడ అన్నదమ్ముల్లా చేతులు పట్టుకుని నడుస్తున్నాయి" అన్నారు. పెద్దాయన తాడు లాగారు. పరదా జారింది.

రెండు స్తంభాలున్నాయి. మధ్యలో ఏమీ లేదు. అంకెల బిళ్లలన్నీ చేత్తో పట్టుకుని అవతల మద్దిలేటి నిలబడి ఉన్నాడు. అతని వెనక తెల్లబురద కొట్టుకున్న అరవైమంది. ఆ గేటు దగ్గర్నుంచి లోపలి మనుషులు కనిపించడం ఏడాదిలో అదే మొదలు.

మేళం ఆగింది.

"బోర్డు ఎక్కడ?" అన్నారు పెద్దాయన.

"బోర్డెక్కడ్రా!" అన్నారు శెట్టి గారు.

మద్దిలేటి వినయంగా రెండడుగులు ముందుకొచ్చాడు. "గాడ్ది తినేసింది సామీ."

"గాడిదా?"

"అవును సామీ. గేటు బయట నిలబడి, మెడ లోపలికి సాపి తినేసింది. మేము ప్రతిజ్ఞ చేసినాం గదా, దాని ముందర నిలబడలా, ఎనక నిలబడలా. పక్కన నిలబడి చూస్తాంటిమి."

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దాయన మూర్తి గారి వైపు తిరిగారు. "ఏమయ్యా, గాడిద ఇనుము తింటుందా?"

మూర్తి గారు మనసులో లెక్క వేసుకున్నారు. తినదంటే, మరి వేళ్లు కొరుకుతుందా అన్న ప్రశ్న వస్తుంది. కొరకదంటే ఆ తొమ్మిది వేళ్లూ ఫైల్లోంచి లేచి నడుచుకుంటూ గేటు లోపలికి వస్తాయి. వస్తే మూడొందల అరవై ఐదు పోతుంది, బహుమతి పోతుంది, ఆ బహుమతి వెంట వచ్చే ప్రమోషను పోతుంది. మద్దిలేటి ఆయన కళ్లలోకి చూస్తూ సగం వేలితో గడ్డం గోక్కున్నాడు.

"తింటుంది సార్" అన్నారు మూర్తి గారు. "ఈ ప్రాంతపు గాడిద. నెలనెలా నివేదికలు పంపాం. నిన్ననే ఒక చీర కూడా... తమరే సంతకాలు చేశారు."

సంతకాల మాట వినేసరికి పెద్దాయన ముఖంలో జ్ఞానం ఉదయించింది. "అవునవును, గుర్తుంది. ఆ గాడిదే కదూ? గేటు బయటే నిలబడి తిన్నదన్నమాట?"

"నాలుగు కాళ్లూ బయటే సార్."

"అయితే ఇది కర్మాగారంలో జరిగినట్టు కాదు. బహుమతికి అడ్డం లేదు."

చప్పట్లు. మేళం మళ్లీ అందుకుంది. బహుమతి మూర్తి గారికీ, శెట్టి గారికీ చెరిసగం అందింది.

తర్వాత పెద్దాయన ఫ్యాక్టరీ చూస్తానన్నారు. రెండో నంబరు మిషన్ దగ్గర ఆగి, నడుస్తున్న మిషన్ ముందు ఫోటో కోసం వెనక్కి వాలారు. శాలువా అంచు జారి సరిగ్గా బెల్టు ఉన్న చోట పడింది. మూతమీద పడి, మెల్లగా జారి, కింద వేలాడింది. పెద్దాయన దాన్ని సర్దుకుని నవ్వుతూ ఫోటో దిగారు.

సుంకులమ్మ మొగుడి చెవిలో అంది, "అంత తొందరెందుకు పడితివయ్యా, రేపు బిగించింటే పోయేది గదా."

"మెల్లగా మాట్లాడు మే" అన్నాడు మద్దిలేటి. అతనికీ ఆ మాటే తట్టింది.

అందరూ ముందుకు కదిలారు. మూర్తి గారు వెనకబడి మూత వైపు చూశారు. శాలువా జారిన చోట బురద తుడుచుకుపోయి, తలకాయంత 'భ' ఒకటి బయటపడింది. ఆయన దాన్ని చూశారు, మద్దిలేటిని చూశారు. కిందికి వంగి, పిడికెడు తెల్లబురద తీసి, ఆ అక్షరం మీద తన చేత్తోనే పూశారు. కార్మిక క్షేమం కోసం ఆయన చేత్తో చేసిన పని ఆ ఉద్యోగంలో అదొక్కటే.

కార్లు బయలుదేరే ముందు పెద్దాయన అద్దం దించారు. "బోర్డు లేకుండా ఈ కార్మికులు ఎలా బతుకుతారయ్యా? వెంటనే కొత్తది మంజూరు చేయండి. ఏం పెద్దమనిషీ, సంతోషమేనా?"

మద్దిలేటి జేబులోంచి తాడు ముక్క తీశాడు. పొద్దున్నే, అదీ మూతలేని మూడో నంబరు బెల్టు పక్కన పెట్టి కొలిచి ముడివేసిన తాడు.

"సంతోషం సామీ. మిగిలిన సగం ముక్క నాలుగో మిషన్‌కు..." అని నాలుక కరుచుకుని, "అంటే గాడ్ది అంతా తిన్లేదు సామీ, కొంచెం వొదిలిపెట్టింది. ఈసారి బోర్డు మాత్రం ఇంగో అడుగు పొడుగ్గా పంపీండి" అన్నాడు.

"అంత పొడుగెందుకయ్యా?"

"గాడ్దికి ఆకలి పెరుగుతాంది సామీ."

మూర్తి గారు పెన్ను మూత తీసి, ఈసారి త్వరత్వరగా, తాడు ముడుల మధ్య ఎంతుందో కొలిచి రాసుకున్నారు.